కిటికీ వైపు, గోడ వైపు

మా బావకి కుడి ఎడమలు లేవు. ముప్ఫై రెండేళ్లుగా కార్ల గేర్‌బాక్సులు విప్పి బిగిస్తున్న మనిషి, అయినా "ఆ ఎడం పక్క స్పానర్ అందుకో" అని ఒక్కసారి కూడా అనగా నేను వినలేదు. "కిటికీ వైపుది ఇవ్వు", "గోడ వైపుకి తిప్పు", అంతే. ఆయన పనిబల్లకి ఒక పక్క కిటికీ, ఇంకో పక్క గోడ. గేర్‌బాక్సు ఏదైనా సరే, దాని మూతి, అంటే ఇంజిన్‌కి బిగించే కొస, తన పొట్టకి ఆనేలా పెట్టుకుంటాడు. అప్పుడు ఏ చక్రం కిటికీ వైపు రావాలో, ఏ బేరింగు గోడ వైపు రావాలో చేతులకే తెలుసు, తలని అడగక్కర్లేదు.

"రోడ్డు మీద కూడా ఇంతే," అంటుంది మా అక్క. "కుడికి తిరగండి అంటే ముందు కిటికీ ఎక్కడుందా అని వెతుక్కుంటారు. కారులో అన్ని పక్కలా కిటికీలే కదా, ఇక ఆ తిప్పలు నన్నడక్కు."

ఆ గోడకి ఇవతల ఇనుము తిప్పి చెక్కే నా లేత్ మిషను. మధ్యలో ఒక ఇటుక తీసేసి ఉంటుంది. కొలతలు, కొత్తగా తిప్పిన బుష్షు గొట్టాలు, తిట్లు, అన్నీ ఆ కన్నంలోంచే అటూ ఇటూ పోతుంటాయి. వీధి వైపు గదిలో అక్క కుట్టుమిషను. కార్ల సీట్లకి తొడుగులు కుడుతుంది. పెరట్లో రేకుల షెడ్డు మా మేనకోడలిది. ఆ పిల్ల ఇంజిన్లు చేస్తుంది. ఈ ఇంట్లో మధ్యాహ్నం ఎవరైనా కునుకు తియ్యాలంటే నాలుగు యంత్రాలు ఆగాలి. అందుకే ఎవరూ తియ్యరు.

బావ ఏ బళ్లోనూ ఈ పని నేర్చుకోలేదు. కుర్రతనంలో బస్సుల డిపోలో సామాను కడిగే ఉద్యోగం. విరిగిన గేర్లు తొట్టిలో వేసి కిరసనాయిలుతో తోమడం, ఆరబెట్టడం, లోపలికి పంపడం. మూడేళ్లు అదే. తోటివాళ్లు మురికి వదిలిందా లేదా చూసేవాళ్లు. ఈయన పన్ను ఎక్కడ అరిగింది, ఎక్కడ చిట్లింది, ఏ మూల నుంచి పగులు మొదలైంది అని చూసేవాడు. బాగున్న గేర్‌బాక్సు లోపల ఎలా ఉంటుందో ఆయన చూసింది చాలా కాలానికి. అప్పటికే చావు కారణాలన్నీ కంఠతా వచ్చేశాయి.

ఆ అలవాటు పోలేదు. బల్ల మీద అరలో విరిగిన సామాను వరసగా పెట్టి ఉంటుంది. ఒక్కో దానికి దారంతో చీటీ, చీటీ మీద చావు కారణం. "నూనె లేక." "తొందర." "కొత్తది అని చెప్పి అమ్మిన పాతది." మూడు నాలుగింటి మీద "నా తప్పు" అని కూడా ఉంటుంది. అవి వెనక్కి నెట్టకుండా ముందు వరసలోనే పెడతాడు. కొత్తవాడెవడైనా తన పనితనం గురించి గంటసేపు ఊదరగొడితే బావ ఆ అర కేసి చూపిస్తాడు.

"నీ చీటీలేవి?" అంటాడు.

వీధిలో ఆయన్ని పళ్ల డాక్టరు అంటారు, గేరు పళ్లు చూస్తాడు కాబట్టి. ఆ పేరు విని ఓసారి ఎవరో బుగ్గ వాచిన పెద్దమనిషి నిజంగానే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. బావ టార్చిలైటు వేసి నోట్లోకి శ్రద్ధగా చూసి, "బాబూ, ఇది నా సుత్తికి లొంగదు," అని పంపించాడు.

మా అక్కతో పెళ్లి కూడా పని మీదే కుదిరింది. ఒక బుష్షు తిప్పించుకోడానికి మా నాన్న దగ్గరికి వచ్చాడు. బుష్షు తయారయ్యేలోపు మా లేత్ చప్పుడు విని, "లోపల చిన్న గేరు ఏడుస్తోందండీ," అన్నాడు. మా నాన్నకి కోపం వచ్చింది. విప్పి చూస్తే నిజం. బుష్షు కోసం వచ్చినవాడు అల్లుడై వెళ్లాడు.

ఇక మేనకోడలు. దానికి ఇరవై ఆరేళ్లు. నాన్న గేర్లు చూస్తూ పెరిగి ఇంజిన్ల మీద పడింది. అదేమిటని అడిగితే, "ఇంట్లో ఒకరు మోసేవాళ్లున్నారు కదా మావయ్యా, తోసేవాళ్లు కూడా ఉండాలి," అంటుంది. ఇంజిన్ వెనకాల ఉండే పాత చిన్న కారు ఒకటి తెచ్చుకుని, రెండేళ్లు దాంతో కుస్తీ పట్టింది. టర్బో పెట్టింది, లోపల పిస్టన్లు మార్చింది. పుట్టినప్పుడున్న బలానికి రెండింతల పైనే తెప్పించింది. ఏడాదికి ఒక్క ఆదివారం కొండ రోడ్డు మూసేసి పోటీ పెడతారు. ఒక్కో కారు కింద నుంచి పైకి ఒంటరిగా ఎక్కాలి, ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్లు గెలిచినట్టు. దాని చూపు ఆ పోటీ మీద.

నిజానికి దాని చూపు ఇంకో చోట కూడా ఉంది. రేకుల షెడ్డులో ఎండాకాలం రెంచి పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, వానాకాలం సిలిండర్లో నీళ్లు పడతాయి. కిటికీ దగ్గర నాన్న బల్ల మాత్రం పన్నెండడుగుల పొడవు, వెలుతురు ఎప్పుడూ ఉంటుంది. అందులో సగం ఇమ్మని రెండేళ్లుగా అడుగుతోంది.

"ఇంజిన్ బూడిద నా గేర్ల మీద పడకూడదు," అనేవాడు బావ.

"ఇంజిన్‌లో బూడిద ఉంటే అది ఇంజిన్ కాదు నాన్నా, పొయ్యి."

"ఇంజిన్ అంటే నోరమ్మా. గేర్‌బాక్సు నడుము. నోరు పెంచడం ఎవరికైనా వస్తుంది."

"సరే, అయితే నా నోటికి తట్టుకునే నడుము చేసి చూపించు."

అదిగో, అక్కడ పడింది ముడి. బావ స్పానర్ కింద పెట్టాడు. "చేస్తాను. ఇంజిన్‌కీ చక్రానికీ మధ్య ఉన్న ప్రతి ముక్కా చేస్తాను. చక్రం దాకా బలం మోసే షాఫ్టు మీద తెల్ల రంగుతో నిలువు గీత గీస్తాను. నీ ఇంజిన్‌లో నువ్వు చెప్పే బలమే గనక ఉంటే, కొండెక్కి వచ్చేసరికి ఆ గీత మెలి తిరిగి ఉండాలి. తిరిగితే సగం బల్ల నీది. నిటారుగా ఉంటే బల్ల మాట మళ్లీ ఎత్తకూడదు."

"మరి నీ గేర్లు విరిగితే?"

"విరిగితే బల్ల మొత్తం తీసుకో. నేను మీ అమ్మ దగ్గర గుండీలు కుడతాను."

"నా దగ్గర ఖాళీలు లేవు," అంది అక్క వీధి గదిలోంచి.

తరవాత మూడు వారాలు ఇల్లు ఇల్లులా లేదు. బలం పెంచడం అంటే లావు ముక్క వెయ్యడం అనుకుంటారు చాలామంది. బావ లెక్క వేరు. ఒక చోట గట్టి చేస్తే దెబ్బ పక్కవాడి మీదికి పోతుంది. క్లచ్ జారకుండా చేస్తే గేరు పన్ను ఊడుతుంది, గేరు ఊడకుండా చేస్తే షాఫ్టు తెగుతుంది. కాబట్టి వరస తప్పకుండా చివరిదాకా నడవాలి. ముందు క్లచ్‌కి గట్టి స్ప్రింగులు వేశాడు. ప్రతి గేరు పన్ను అంచునీ సన్నటి రాయితో నున్నగా తీశాడు, పదునైన మూల ఉన్న చోటే పగులు పుడుతుందని. బేరింగుల్ని పట్టుకునే పల్చటి రేకు తీసేసి దాని చోట నా చేత అర అంగుళం ఉక్కు పలక చేయించాడు. చక్రాలకి బలం పంచే డిఫరెన్షియల్‌లో రెండే చిన్న గేర్లు ఉంటాయి. అవి నాలుగు చేశాడు. ఆ నాలుగింటినీ మోసే శిలువ లాంటి ముక్క కోసం నేను మూడు పాడుచేశాను, నాలుగోది కన్నంలోంచి ఇస్తే కొలిచి, "ఇప్పుడు బావమరిదివయ్యావు," అన్నాడు.

షాఫ్టుల దగ్గర మాత్రం మేనకోడలికి ఒళ్లు మండింది. రెండు కొసలూ లావుగా ఉంచి నడిమి భాగం సన్నగా తిప్పమన్నాడు నన్ను.

"అన్నీ లావు చేసి దీన్ని సన్నం చేస్తావేంటి నాన్నా? మెలి తిరగాలి కాబట్టా, తిరిగితే నువ్వే ఓడిపోతావు కదా!"

"పిచ్చి తల్లీ, పందెం సంగతి తరవాత. మంచి ఉక్కు సన్నగా ఉంటే దెబ్బకి పొడవునా కాస్త మెలి తిరిగి ఊరుకుంటుంది. లావుగా ఉంటే మొండికేస్తుంది, ఆ దెబ్బ పోయి గేర్ల మీద పడుతుంది. ఇంట్లో అందరూ గట్టివాళ్లే అయితే గోడలు పగుల్తాయి. ఒకళ్లన్నా వంగాలి."

"ఆ ఒక్కళ్లూ ఎవరో అందరికీ తెలుసులే," అంది అక్క, మిషను ఆపకుండానే.

ఇక్కడ నా పాపం కూడా చెప్పాలి. బావ నడుం నొప్పితో గేర్‌బాక్సు బల్ల మీద దొర్లించలేకపోతున్నాడని, నేనొక స్టాండు వెల్డింగ్ చేసి ఇచ్చాను. గేర్‌బాక్సుని దానికి బిగిస్తే ఒక్క వేలితో తిప్పచ్చు. బావ మురిసిపోయాడు. ఆ మురిపెంలో ఒక సంగతి ఇద్దరం చూడలేదు. ఆ స్టాండు గేర్‌బాక్సుని మూతి దగ్గర పట్టుకుంటుంది. అంటే మూతి అవతలికి పోతుంది, ముడ్డి బావ పొట్టకి ఆనుతుంది.

శుక్రవారం ఆ స్టాండు మీదే చివరి కూర్పు చేశాడు. డిఫరెన్షియల్‌లో పెద్ద పళ్ల చక్రం, మేము క్రౌన్ అంటాం, ఎప్పట్లాగే కిటికీ వైపుకి పెట్టాడు. పళ్లకి నీలం రంగు రాసి ఎక్కడ తాకుతున్నాయో చూశాడు. చేత్తో తిప్పితే నెయ్యిలా తిరిగింది. ఎటు తిరుగుతోందో చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ముప్ఫై రెండేళ్లలో ఆ అవసరమే రాలేదు.

శనివారం ఉదయం తొమ్మిదికి కారు వీధిలోకి తెచ్చారు. పోటీవాళ్లు సాయంత్రం ఐదింటికల్లా కార్లు తనిఖీ చేసి గేటు మూసేస్తారు. బోలెడు టైముంది అనుకున్నాం. చుట్టుపక్కల వాళ్లంతా చేరారు. ఎదురింటి టైర్లాయన తన దుకాణం ముందు కుర్చీ వేసుకుని మరీ కూర్చున్నాడు. మేనకోడలు ఇంజిన్ మొదలుపెట్టింది. వీధిలో కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఒకటో గేరు వేసి, క్లచ్ వదిలింది.

కారు వెనక్కి వచ్చింది.

ఆపి, తల బయటికి పెట్టి, "రివర్స్ పడిందేమో," అంది. మళ్లీ ఒకటో గేరు. మళ్లీ వెనక్కే. రెండో గేరు వేసింది, ఇంకా హుషారుగా వెనక్కి వచ్చి టైర్లాయన పేర్చిపెట్టిన పాత టైర్ల గుట్టలో మెత్తగా కూర్చుంది. ఆయన కుర్చీతో సహా లేచాడు. ఆఖరికి రివర్స్ వేస్తే కారు బుద్ధిగా ముందుకి నడిచింది.

"వెనక్కి నాలుగు గేర్లు, ముందుకి ఒకటి!" టైర్లాయన నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. "డాక్టరుగారూ, పళ్లు తిరగేసి కట్టారా ఏంటి?"

"ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. వీళ్ల కారుకి గొయ్యి ఒక్కటే ఉంది," అంది అక్క గుమ్మంలోంచి.

నేను మాత్రం నవ్వలేదు. బావ ముఖం ముందు కారు మీదికి, తరవాత గదిలో ఉన్న స్టాండు మీదికి, ఆ తరవాత నెమ్మదిగా నా మీదికి తిరిగింది. గుమ్మడికాయల దొంగ అనకముందే నేను భుజాలు తడుముకున్నాను.

"క్రౌన్ గోడ వైపుకి రావాల్సింది," అన్నాడు బావ. "మూతి అటు ఉన్నప్పుడు, గోడ వైపుకి. క్రౌన్ పక్క మారితే చక్రాలు వెనక్కే తిరుగుతాయి."

అంతే. వెళ్లి టైర్ల గుట్ట మీద కూర్చుండిపోయాడు. నాకు ఆయన్ని అలా చూడ్డం అదే మొదటిసారి. ఎవరి గేర్‌బాక్సు పాడైనా, ఎన్నిసార్లు పాడైనా పొద్దుటే పాట పాడుకుంటూ విప్పే మనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుని వాటికేసే చూసుకుంటున్నాడు.

"దాని రెండేళ్ల కష్టాన్ని వెనక్కి నడిపించాను రా," అన్నాడు నాతో. "మామూలుగా రోజంతా పట్టే పని. ఐదింటికి గేటు మూస్తారు."

మేనకోడలు కారు దిగింది. ఏడుస్తుందనుకున్నాను. వచ్చి నాన్న పక్కన ఇంకో టైరు మీద కూర్చుంది.

"విరగలేదు కదా నాన్నా. వెనక్కి అయితేనేం, గట్టిగానే వెళ్లింది. నాలుగు గేర్లున్నాయిగా, కొండ వెనక్కే ఎక్కేస్తాను."

బావ చటుక్కున తలెత్తాడు. "నోర్ముయ్! పంటికి ముఖం ఒకటి, వీపు ఒకటి ఉంటాయి. బరువు ముఖం మీద మోస్తుంది. వీపుతో కొరకమంటావా?"

"మరి తిప్పి పెట్టు."

"నా చేతులు..."

"చేతులకేం కాలేదు. మావయ్య స్టాండే తిరగబడింది. పాత బల్ల మీద పెడదాం, మూతి నీ పొట్ట వైపు. నువ్వు కిటికీ వైపు చూసుకో, గోడ వైపు నేను చూస్తాను. ఇద్దరం చేస్తే సగం టైము."

తొమ్మిదిన్నర అయింది. ఇంజిన్ దింపే పని దానికి కొట్టినపిండి, నలభై నిమిషాల్లో దింపేసింది. గేర్‌బాక్సు నేనూ టైర్లాయనా మోసుకొచ్చాం. ఆయన నవ్విన పాపానికి అదే శిక్ష అని అక్క తీర్పు చెప్పింది. బల్ల మీద పెట్టగానే, మూతి పొట్టకి తగలగానే, బావ చేతులు వాటంతట అవే కదిలాయి. నేను నా వైపుకి వచ్చేసి కన్నంలోంచి చూస్తూ కూర్చున్నాను. క్రౌన్ వైపు మారిస్తే దాని పక్కన వేసే పల్చటి రేకుల లెక్క కూడా మారుతుంది. వెంట్రుక మందం తేడా వచ్చినా పళ్లు అరుస్తాయి. బావ కొలిచి చెప్పడం, మేనకోడలు వేసి బిగించడం, నీలం రంగు రాసి తిప్పడం, మళ్లీ విప్పడం.

మూడోసారి విప్పబోతుంటే అది చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు నాన్నా. రంగు పంటి మధ్యకి వచ్చింది. మారిస్తే చెడుతుంది."

బావ కళ్లజోడు పైకి నెట్టి, వంగి, చాలాసేపు చూశాడు. "ఊఁ," అన్నాడు. ఆ "ఊఁ" విలువ నాకు తెలుసు. నా లేత్ పనికి పాతికేళ్లలో నాలుగో ఐదో దక్కి ఉంటాయి.

ఈసారి మూత బిగించకముందే ఒకటో గేరు వేసి, చేత్తో తిప్పి, ఎటు తిరుగుతోందో నలుగురం చూశాం. అక్కని కూడా పిలిచి చూపించాడు. "ముందుకే," అని ఆవిడ ధ్రువీకరించాక బిగించాడు. మూడూ ఇరవైకి కారు వీధిలో ముందుకి కదిలింది. టైర్లాయన ఈసారి ముందుజాగ్రత్తగా గుట్ట పక్కకి జరిపాడు. నాలుగున్నరకి గేటు దాటాం.

ఆదివారం కొండ దగ్గర పదకొండు కార్లు. మాది ఏడోది. బయల్దేరే ముందు బావ కారు కిందికి దూరి, రెండు షాఫ్టుల మీదా తెల్లగీత గీసొచ్చాడు, స్కేలు పెట్టి మరీ. జెండా ఊపారు. వెనక చక్రాలు ఒక్క క్షణం అక్కడే తిరిగి, పట్టు దొరికి, కారు గుండులా పోయింది. ఆ తరవాత మాకు కనబడ్డానికి ఏమీ లేదు, వినబడ్డమే. బావ కళ్లు మూసుకున్నాడు. మొదటి మలుపు, గేరు. రెండో మలుపు, కింది గేరు. చప్పుడు చిన్నదవుతూ పైకి పోతోంది.

"మూడోది వేసింది," అన్నాడు. "వదల్లేదు. నొక్కుతోంది. నొక్కు, నొక్కు."

"మీరే కదా బల్ల ఇవ్వనన్నది," అంది అక్క.

"నువ్వూరుకో."

నాలుగో స్థానం వచ్చింది. మొదటిసారి పోటీకి వచ్చినవాళ్లలో అదే పైన. మేనకోడలు కిందికి దిగి వచ్చి, హెల్మెట్ తీసి, ఆ సంగతి చెప్పబోతోంది. బావ వినలేదు. జాకీ పెట్టి, టార్చి పట్టుకుని కిందికి దూరిపోయాడు. బయట ఆయన చెప్పులే కనబడుతున్నాయి.

"నాన్నా, నిటారుగా ఉందా?" అది హెల్మెట్ పక్కన పడేసి వంగింది.

"నువ్వే వచ్చి చూడు."

అది ఒక పక్కనుంచి, నేను ఇంకో పక్కనుంచి దూరాం. షాఫ్టు మీద తెల్లగీత ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లేసరికి బొటనవేలంత పక్కకి ఒరిగి, జడపాయలా మెలి తిరిగి ఉంది. బావ ఇంకో చేత్తో చక్రం మెల్లగా తిప్పుతున్నాడు. గేర్లు నెయ్యిలా తిరుగుతున్నాయి. ఎక్కడా చిన్న అరుపు లేదు.

"నీ ఇంజిన్ నిజమే చెప్పిందే అమ్మా," అన్నాడు. ఓడిపోయినవాడు అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

సోమవారం పొద్దున్న ఆయనే చాక్‌పీసుతో బల్ల మీద అడ్డంగా గీత గీశాడు. ఏ సగం ఎవరిదన్న దగ్గర మళ్లీ పేచీ వస్తుందనుకున్నాను, రాలేదు. "గోడ వైపు నాకు చాలు," అంది మేనకోడలు. "కన్నంలోంచి మావయ్య చెయ్యి అందుతుంది. నువ్వు కిటికీ దగ్గర్నుంచి కదిలితే మళ్లీ కారు వెనక్కి పోతుంది."

మెలి తిరిగిన షాఫ్టు తీసేసి కొత్తది వేశారు. తీసినదాన్ని బావ ఆ చావు సామాను అర మీదే, ముందు వరసలో నిలబెట్టాడు. దానికీ చీటీ కట్టాడు. "విరగలేదు. అమ్మాయి ఇంజిన్."

నా స్టాండుకి కూడా ఒక చీటీ కట్టాడు. దాని మీద ఏం రాశాడో నేను చెప్పను. ఆ పని అక్క చూసుకుంటోంది. సీటు తొడుగుల కోసం వచ్చిన ప్రతివాళ్లనీ లోపలికి తీసుకొచ్చి మరీ చదివి వినిపిస్తోంది.